బాక్సింగ్ రీమ్యాచ్ జరుగుతుందా, నాన్చుడేనా: బేరసారాల వార్తల్లోంచి పసిగట్టే పద్ధతి

ఆఖరి బెల్ మోగిన పది నిమిషాలకే ఇద్దరూ మైకు ముందు "మళ్ళీ కొట్టుకుందాం" అంటారు. అభిమాని ఆ రాత్రే క్యాలెండర్ తిరగేస్తాడు. ఆరు నెలలు గడిచాక చూస్తే ఒకడు గాయం అంటాడు, ఇంకొకడు పర్సెంటేజీ అంటాడు, ఫైటు ఏర్పాటు చేసే ప్రమోటరేమో చర్చలు బాగానే సాగుతున్నాయంటాడు. తిట్లు మాత్రం బాక్సర్‌కే పడతాయి, భయపడి పారిపోయాడని. చాలాసార్లు పాపం అతనికి సంబంధమే ఉండదు. ఫైటు ఎక్కడ ఇరుక్కుందో తెలియాలంటే డబ్బు గొడవ పక్కన పెట్టి ముందు గడువులు చూడాలి. ఎవరి ఒప్పందం ఎప్పుడు తీరుతుంది, ఎవరి ఛాంపియన్ బెల్టుకు ఎప్పుడు ముప్పు, ఆలస్యమైతే చేతులు కాలేది ఎవరికి? ఆలస్యంతో ఏమీ పోనివాడు సంతకం పెట్టడానికి తొందరపడడు.

మొదట తేల్చాల్సింది: రాతలో ఉందా, నోటిమాటేనా

మొదటి ఫైటు ఒప్పందంలో రీమ్యాచ్ క్లాజు (మళ్ళీ ఆడే హక్కునిచ్చే షరతు) ఉంటే కథ వేరు. 2019 జూన్ 1న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆండీ రూయిజ్ ఏడో రౌండులో ఆంథొనీ జాషువాను ఆపేశాడు. రీమ్యాచ్ సౌదీలో అనగానే రూయిజ్ మొరాయించాడు. కానీ క్లాజు జాషువా చేతిలో ఉంది. డిసెంబర్ 7న దిరియాలోనే ఫైటు జరిగింది, బెల్టులు తిరిగి జాషువాకు వచ్చాయి. క్లాజు లేకపోయి ఉంటే రూయిజ్ ఇంకో సంవత్సరం సులువైన ప్రత్యర్థులతో గడిపేసేవాడు, ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు.

అయితే "క్లాజు ఉంది" అన్న ఒక్క మాటతో సంబరపడకూడదు. వార్తలోగానీ ప్రమోటర్ ఇంటర్వ్యూలోగానీ ఈ వివరాలు వెతకాలి:

- హక్కు ఎవరిది? ఛాంపియన్ ఓడితే అతనికి మాత్రమేనా, ఎవరు ఓడినా వాళ్ళకా?
- ఎన్ని రోజుల్లోపు రాతపూర్వకంగా వాడుకోవాలి?
- ఏ బరువులో? 2023 జూలై 29న క్రాఫర్డ్ చేతిలో 147 పౌండ్ల దగ్గర ఓడిన స్పెన్స్, రెండోది 154 దగ్గర కావాలన్నాడు.
- మధ్యలో వేరే ఫైటుకు అనుమతి ఉందా?
- డ్రా అయితే, నో కాంటెస్ట్ (ఫలితం లెక్కలోకి రాని ఫైటు) అయితే ఏం చేయాలో రాసి ఉందా? బేరం మళ్ళీ మొదటికి రావడానికి ఎక్కువగా ఇదే కారణం. ఓడినవాడి హక్కు గురించి పేజీలు రాసుకుని, డ్రా సంగతి మర్చిపోతుంటారు.

క్లాజు అనేది హక్కు. హక్కున్నవాడు వాడుకోకుండా కూర్చోవచ్చు కూడా. స్పెన్స్ తన క్లాజును వాడుకున్నాడు, రీమ్యాచ్ మాత్రం జరగనే లేదు. ఆ లోపు క్రాఫర్డ్ చేతులు కట్టేసినట్టయింది. తప్పనిసరి డిఫెన్స్ (సంస్థ చెప్పిన ఛాలెంజర్‌తో బెల్టు కోసం ఆడటం) కుదరక, బెల్టులిచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ 2023 నవంబర్‌లో అతని బెల్టు తీసేసింది. గెలిచినవాడే నష్టపోయాడు. క్లాజు వాడుకున్నవాడికి ఆలస్యం వల్ల ఏ ఖర్చూ లేనప్పుడు ఇలాగే అవుతుంది.

క్లాజును పట్టించుకోకుండా పక్కదారి పట్టాలని చూస్తే ఏమవుతుందో ఫ్యూరీ–వైల్డర్ చూపించారు. 2020 ఫిబ్రవరి 22న రెండో ఫైటులో ఓడాక వైల్డర్ మూడోదాని హక్కు వాడుకున్నాడు. కోవిడ్ వచ్చి తేదీలు జారాయి. గడువు తీరిపోయిందంటూ ఫ్యూరీ వర్గం 2021 ఆగస్టు 14న సౌదీలో జాషువాతో ఫైటుకు సిద్ధమైంది. ఇంకేముంది, పోస్టరే తరువాయి అనుకుంటుండగా మే నెలలో మధ్యవర్తి తీర్పు వచ్చింది: వైల్డర్ హక్కు ఇంకా బతికే ఉంది. జాషువాతో ఫైటు ఆ రోజుతో పోయింది. రాతలో ఏదైనా క్లాజు వివాదంలో ఉందని వినిపిస్తే, ప్రమోటర్లు ఎన్ని కరచాలనాలు చేసుకున్నా తీర్పు వచ్చేదాకా ఆ తేదీని నమ్మకూడదు.

బెల్టుల క్యాలెండర్

డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. బెల్టులిచ్చే ఈ నాలుగు సంస్థలూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని తేదీలు పెట్టవు. ప్రతిదానికీ తన తప్పనిసరి ఛాలెంజర్ ఉంటాడు, తన గడువు ఉంటుంది. వీటిలో ఐబీఎఫ్ పట్టుదల ఎక్కువ. సాధారణంగా తొమ్మిది నెలల్లోపు తప్పనిసరి డిఫెన్స్ అడుగుతుంది, వెంటనే రీమ్యాచ్ అంటే మినహాయింపు లేనిదే ఒప్పుకోదు. అందుకే నాలుగు బెల్టులూ ఒకడి నడుమున చేరిన మర్నాడే ఒకటి జారడం మొదలవుతుంది.

2024 మే 18న రియాద్‌లో ఉసిక్ ఫ్యూరీని స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మొగ్గుతో) ఓడించి నాలుగు బెల్టులూ పట్టాడు. ఒప్పందం ప్రకారం రీమ్యాచ్ చేయాలి. ఐబీఎఫేమో దుబోయిస్‌తో ఆడమంది. ఉసిక్ జూన్‌లో ఐబీఎఫ్ బెల్టు వదిలేసి డిసెంబర్ 21న ఫ్యూరీతోనే ఆడాడు, మళ్ళీ గెలిచాడు. "నాలుగు బెల్టుల రీమ్యాచ్" అనుకున్నది మూడింటికి దిగింది. జనం దీన్ని అన్యాయం అన్నారు. కానీ ఫైటు జరగడానికి దారి తెరిచింది ఆ వదిలేయడమే. బెల్టు వదిలాడన్న వార్త వస్తే కంగారు పడనక్కర్లేదు, రీమ్యాచ్ దగ్గరపడుతోందనడానికి అంతకన్నా మంచి గుర్తు దొరకదు.

దీనికి రెండో వైపూ ఉంది. బెతెర్బియెవ్, బివోల్ 2024 అక్టోబర్ 12న ఒకసారి, 2025 ఫిబ్రవరి 22న ఒకసారి ఆడి చెరొకటి గెలిచారు. అందరూ మూడోది అడిగారు. డబ్ల్యూబీసీ మాత్రం బెనవిడెజ్ వంతు అంది. బివోల్ ఆ బెల్టు వదిలాడు, అది బెనవిడెజ్‌కు పోయింది, మూడో ఫైటు ఆ ఊపులో పడలేదు. అంటే బెల్టు వదలడం దారి తెరుస్తుంది గానీ ఫైటును తెచ్చి చేతిలో పెట్టదు.

చూడాల్సిన పద్ధతి సులువే. ఇద్దరు బాక్సర్ల దగ్గర ఏ బెల్టులున్నాయో రాసుకోండి. ఒక్కో సంస్థ ర్యాంకింగ్ పేజీలో ఆ బరువు తెరిచి నంబర్ 1 స్థానం చూడండి. ఐబీఎఫ్ తరచు పై రెండు స్థానాలను ఖాళీగా ఉంచుతుంది. అది ఖాళీగా ఉంటే ఛాంపియన్‌కు ఇంకా ఊపిరి పీల్చుకునే సమయం ఉన్నట్టు. పేరు నిండిందంటే, ముఖ్యంగా ఎలిమినేటర్ (ఛాలెంజర్ ఎవరో తేల్చే ఫైటు) గెలిచిన పేరు, ఆదేశం దారిలో ఉన్నట్టే. ఇలాంటి ఆదేశమే 2018లో జాషువా–వైల్డర్ బేరాన్ని ముంచింది. 5 కోట్ల డాలర్ల ఆఫర్ గురించి నెలల తరబడి ఈమెయిళ్ళు నడిచాయి, ఒప్పందం చేతికి రాలేదు, డబ్ల్యూబీఏ పొవెత్కిన్‌తో ఆడమంది. జాషువా సెప్టెంబర్ 22న అతనితోనే ఆడాడు. వైల్డర్‌తో ఫైటు ఆ తర్వాత ఏ ఏడాదీ కుదరలేదు.

పర్స్ బిడ్ అంటే ఏమిటి, అంకెలు ఎలా చదవాలి

సంస్థ ఒక ఫైటును ఆదేశించాక ఇరువర్గాలకూ బేరం ఆడుకోవడానికి సాధారణంగా 30 రోజులు ఇస్తుంది. కుదరకపోతే వేలం. మూసిన కవర్లలో ప్రమోటర్లు అంకెలు వేస్తారు, ఎక్కువ వేసినవాడిదే ఫైటు. ఆ సొమ్మును ఎవరికెంత అన్నది సంస్థే ముందుగా చెబుతుంది.

ఒక నిజం లెక్క చూద్దాం. 2022 జనవరిలో ఫ్యూరీ–వైట్ ఫైటుకు ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ 4,10,25,000 డాలర్లు వేశాడు. డబ్ల్యూబీసీ పద్ధతిలో ముందు 10 శాతం గెలిచినవాడి కోసం పక్కన పెడతారు: 41,02,500. మిగిలింది 3,69,22,500. దాన్ని 80–20గా పంచితే ఫ్యూరీకి 2,95,38,000, వైట్‌కు 73,84,500. వార్తలో "4 కోట్ల ఫైటు" అని పడుతుంది, వైట్ ఇంటికి పట్టుకెళ్ళేది అందులో ఐదో వంతుకన్నా తక్కువ. దాంట్లోంచి మళ్ళీ మేనేజర్, ట్రైనర్, పన్ను, శిక్షణ క్యాంపు ఖర్చు, బెల్టు సంస్థ ఫీజు. ఈ కోతలు తెలిస్తే 80–20 పంపకం దగ్గర ఒకడు నెలలు నెలలు ఎందుకు మొండికేస్తాడో అర్థమవుతుంది.

వేలంలో గెలవగానే ఫైటు ఖాయం అనుకోకండి. లోపెజ్–కంబోసోస్‌కు 2021లో ట్రిల్లర్ అనే కొత్త ప్రమోషన్ సంస్థ 60 లక్షల డాలర్ల పైన వేసింది. రెండో స్థానంలో ఉన్న మ్యాచ్‌రూమ్ వేసింది 35 లక్షల చిల్లర. ఆ తేడా చూసి జనం అబ్బో అన్నారు. అంకెల వ్యాపారం తెలిసినవాళ్ళు మాత్రం అనుమానంగా చూశారు, ఎందుకంటే టికెట్లతో, పే-పర్-వ్యూతో (విడిగా డబ్బు కట్టి చూసే ప్రసారం) ఆ సొమ్ము తిరిగి రాదు. తేదీలు, వేదికలు మారుతూ పోయాయి. చివరికి ట్రిల్లర్ మాట నిలబెట్టుకోలేదని (డిఫాల్ట్) ఐబీఎఫ్ ప్రకటించింది. హక్కులు మ్యాచ్‌రూమ్‌కు పోయాయి, నవంబర్ 27న ఫైటు జరిగింది. మొదటి బిడ్ రెండోదానికి దాదాపు రెట్టింపు ఉంటే అది ఆనందపడాల్సిన విషయం కాదు.

60–40 గొడవ

శాతం గురించిన వార్త చదివేటప్పుడు ఒకటే అడగండి: దేంట్లో 60 శాతం? ఆదాయంలో గేటు (టికెట్ల వసూళ్ళు), సొంత దేశపు పే-పర్-వ్యూ, విదేశీ ప్రసారాలు, స్పాన్సర్లు, వేదిక ఇచ్చే సైట్ ఫీజు ఉంటాయి. ఖర్చులు తీసేశాక మిగిలినదాంట్లో 40 శాతం కన్నా, మొత్తం వసూళ్ళలో 30 శాతం ఎక్కువ కావచ్చు. ఉదాహరణకు మొత్తం 5 కోట్లు, ఖర్చులు 2 కోట్లు అనుకుందాం. మిగిలిన 3 కోట్లలో 40 శాతం అంటే 1.2 కోట్లు. మొత్తంలో 30 శాతం అంటే 1.5 కోట్లు. ట్విటర్‌లో మాత్రం 40 పెద్దదిగా, 30 అవమానంగా కనిపిస్తుంది. వర్గాలు కావాలనే తమకు పనికొచ్చే అంకెను లీక్ చేస్తాయి.

శాతాల గొడవ నిజంగా ఫైటును చంపిన సందర్భాలూ ఉన్నాయి. రాయ్ జోన్స్ 1993 మే 22న హాప్కిన్స్‌ను ఓడించాడు. 2002లో రీమ్యాచ్ మాట వచ్చింది. హాప్కిన్స్ సగం సగం అన్నాడు, జోన్స్ 60–40 దిగనన్నాడు. ఫైటు జరిగింది 2010 ఏప్రిల్ 3న. పదిహేడేళ్ళు! అప్పటికి ఇద్దరిలోనూ చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మేవెదర్–పాకియావో (రీమ్యాచ్ కాదు గానీ నాన్చుడుకు అంతకన్నా మంచి పాఠం లేదు) మొదటి బేరం 2010 మార్చి కోసం సాగి, ముందస్తు సమాచారం లేని రక్త పరీక్షల దగ్గర తెగింది. 2015 మే 2న జరిగినప్పుడు పంపకం 60–40, అమెరికాలో 46 లక్షల పే-పర్-వ్యూ కొనుగోళ్ళు. నాన్చినందుకు ఇద్దరికీ కనకవర్షం కురిసింది, చూసినవాళ్ళకు మాత్రం చప్పటి ఫైటు దక్కింది. ప్రమోటర్లు ఇప్పటికీ దీన్నే తలుచుకుని "ఇంకొంచెం ఆగుదాం" అంటారు. అలా ఆగి లాభపడింది బహు తక్కువమంది.

ప్రమోటర్, ప్రసార హక్కులు

ఇద్దరూ ఒకే ప్రమోటర్ కింద, ఒకే ఛానల్‌లో ఉంటే సగం అడ్డంకులు ఉండవు. వేర్వేరు అయితే అసలు బేరం రెండు ఛానళ్ళ మధ్య. 2018 డిసెంబర్ 1న ఫ్యూరీ–వైల్డర్ డ్రా అయింది, రీమ్యాచ్ ఖాయం అన్నారు. 2019 ఫిబ్రవరిలో ఫ్యూరీ టాప్ ర్యాంక్ అనే ప్రమోషన్ సంస్థ, ఈఎస్‌పీఎన్ ఛానల్ వైపు సంతకం పెట్టాడు. వైల్డర్ వేరే గూటిలో ఉన్నాడు. రెండో ఫైటు ఏడాది దాటాక, ఈఎస్‌పీఎన్, ఫాక్స్ కలిసి అమ్మితేనే జరిగింది. 2002లో లూయిస్–టైసన్‌కు, 2015లో మేవెదర్–పాకియావోకు హెచ్‌బీవో, షోటైమ్ ఇలాగే కలిశాయి. ఉమ్మడి ప్రసారం అన్నారంటే కామెంటేటర్లు ఎవరు, అండర్‌కార్డు (ప్రధాన ఫైటుకు ముందు జరిగే ఫైట్లు) ఎవరిది, రీప్లే ఎవరిది అని ప్రతిదానికీ లాయర్లు కూర్చుంటారు. కనీసం రెండు మూడు నెలలు అదనంగా వేసుకోండి.

బేరం మధ్యలో ఒక బాక్సర్ కొత్త ప్రమోటర్‌తో చేరాడన్న వార్త వస్తే, "పెద్ద ఫైటు కోసమే చేరాడు" అని అభిమానులు సంబరపడతారు. నిజానికి అప్పటిదాకా జరిగిన బేరం చెత్తబుట్టలోకి పోయినట్టు. కొత్తవాడు ముందు తన పెట్టుబడి చూపించుకోవడానికి ఒక సొంత ఫైటు పెట్టుకుంటాడు.

"మాతో ఆడాలంటే మా ప్రమోషన్‌లో ఇన్ని ఫైట్లు చేయాలి" అన్న షరతు ఇంకో మెలిక. అమెరికాలో 2000 నాటి ముహమ్మద్ అలీ చట్టం ఇలాంటి షరతు మీద ప్రమోషన్ హక్కులు రాయించుకోవడాన్ని 12 నెలలకు మించనివ్వదు. ప్రమోటర్‌కు ఆ ఫైటులో ఎంత వస్తుందో బాక్సర్‌కు చెప్పి తీరాలనీ అంటుంది. చాలామంది బాక్సర్లు ఆ కాగితం అడగనే అడగరు.

ప్రకటనల భాష

"ఆఫర్ పంపాం" అంటే ఈమెయిల్ వెళ్ళింది, అంతే. "సూత్రప్రాయంగా అంగీకారం" అంటే శాతం కుదిరింది, తేదీ, వేదిక, ఛానల్, డోపింగ్ పరీక్షలు ఇంకా కుదరలేదు. "ఒప్పంద పత్రాలు పంపాం" అంటే లాయర్ల చేతిలో ఉంది, ఇక్కడే ఎక్కువ ఫైట్లు పోతాయి. "ఒకరు సంతకం చేశారు" అంటే రెండోవాడి మీద ఒత్తిడి పెట్టడానికి లీక్ చేశారు. అరీనా సైట్‌లో తేదీ బ్లాక్ అయితే కొంచెం ఆశ పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడి, ప్రసార సంస్థ తన పేజీలో తేదీ పెట్టి, టికెట్ అమ్మకం మొదలైతే అప్పుడు ఫైటు ఉన్నట్టు. అంతకుముందు పోస్టర్లు చూస్తే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతే గుర్తుకొస్తుంది.

మధ్యలో పెట్టే ఫైటు

"రీమ్యాచ్ ఉంది, ముందు ఇద్దరూ చెరొక ఫైటు చేస్తారు" అని చదివితే మీ అంచనా సగానికి తగ్గించండి. 2024 ఏప్రిల్ 20న ర్యాన్ గార్సియా 140 పౌండ్లకు 3.2 పౌండ్లు ఎక్కువ తూగి, హేనీని మూడుసార్లు పడగొట్టాడు. పరీక్షలో ఆస్టరీన్ అనే నిషేధిత మందు దొరకడంతో ఫలితం నో కాంటెస్ట్‌గా మారింది, గార్సియాకు ఏడాది సస్పెన్షన్ పడింది. రీమ్యాచ్‌కు పునాదిగా 2025 మే 2న టైమ్స్ స్క్వేర్‌లో ఇద్దరికీ వేర్వేరు ప్రత్యర్థులను పెట్టారు. హేనీ గెలిచాడు, గార్సియా రోలీ రొమెరో చేతిలో ఓడాడు. ప్లాన్ అక్కడే కూలింది.

ఇద్దరూ గెలిచినా ముప్పే. కోతలు, చేతి ఎముకలు, బరువు మార్పు. గెలిచినవాడికి ఇంకో మంచి ఆఫర్ రావచ్చు కూడా. మధ్య ఫైటుకు పే-పర్-వ్యూ డబ్బు కట్టకపోవడమే అభిమాని చేతిలో ఉన్న అసలైన పట్టు. బాక్సర్ ఫోటోల కింద బూతులు రాస్తే ఎవరి లెక్కా మారదు. మధ్య ఫైటు అమ్మకాలు పడిపోతే మాత్రం ప్రసార సంస్థే పెద్ద ఫైటు ఎప్పుడని అడుగుతుంది.

తొందరగా అయితే ఎప్పుడు జరగొచ్చు?

కాగితం మీద వేసుకోండి. నాకౌట్‌తో ఓడినవాడికి వైద్య సస్పెన్షన్ తరచు 60 నుంచి 90 రోజులు, స్కాన్లు తేడాగా వస్తే ఇంకా ఎక్కువ. ఆ తర్వాత 8 నుంచి 12 వారాల క్యాంపు. పే-పర్-వ్యూ ప్రచారానికి ఎలాగూ రెండు నెలలు కావాలి, అది క్యాంపుతో పాటే నడుస్తుంది. అంటే అంతా సవ్యంగా సాగినా అయిదారు నెలలు. జాషువా–రూయిజ్ మధ్య ఆరు నెలలు, ఉసిక్–ఫ్యూరీ మధ్య ఏడు. మూడు నెలల్లో రీమ్యాచ్ అంటే అది ప్రచారం. పదకొండు నెలలు దాటినా తేదీ లేకపోతే ఏదో గట్టిదే అడ్డం ఉంది, క్లాజు, బెల్టులు, డబ్బు పంపకం, ప్రసార హక్కులు, వీటిలో అది ఏదో వెతకండి.

వయసు కూడా లెక్కలో వేయండి. 2003 జూన్ 21న లెన్నాక్స్ లూయిస్, విటాలి క్లిచ్కో కంటి కోత వల్ల ఆరు రౌండ్ల తర్వాత గెలిచాడు. ఆపేటప్పటికి జడ్జీల కార్డుల మీద వెనకబడే ఉన్నాడు. అప్పటికి అతనికి 37. ప్రపంచం అంతా రీమ్యాచ్ అడిగింది, అతను 2004 ఫిబ్రవరిలో రిటైర్ అయ్యాడు. 35 దాటి, ఇబ్బంది పడి గెలిచి, జేబు నిండినవాడికి ఆలస్యం వల్ల ఏ నష్టమూ లేదు.

టికెట్లు, ప్రయాణం

తేదీ ప్రకటించాక కూడా ఫైట్లు వెనక్కి జారుతాయి. స్పారింగులో (సాధన పోరులో) ఫ్యూరీకి కన్ను మీద కోత పడి 2024 ఫ్యూరీ–ఉసిక్ ఫిబ్రవరి 17 నుంచి మే 18కి పోయింది. బెతెర్బియెవ్ మోకాలి గాయంతో జూన్ 1 ఫైటు అక్టోబర్ 12 అయింది. నిషేధిత మందు క్లెన్‌బ్యుటరాల్ పరీక్షలో కానెలో పాజిటివ్ రావడం వల్ల 2018 మే 5న జరగాల్సిన గొలొవ్కిన్ రీమ్యాచ్ సెప్టెంబర్ 15కి పడింది. ఒకసారి వాయిదా అంటే మూడు నుంచి నాలుగున్నర నెలలని లెక్క వేసుకోండి.

కాబట్టి హోటలు ఉచిత రద్దు ఉన్నది తీసుకోండి, రద్దుకు ఆఖరి తేదీ ఫైటుకు వారం లోపు ఉండేలా. విమానం టికెట్టు మార్చుకునే వీలున్నది కొనండి. ఫైటు టికెట్టు కొనేముందు షరతుల్లో "వాయిదా" అన్న మాట వెతకండి. రద్దయితే డబ్బు తిరిగొస్తుంది, వాయిదా పడితే చాలాచోట్ల పాత టికెట్టే కొత్త తేదీకి చెల్లుతుంది, తిరిగివ్వడానికి చిన్న గడువే ఇస్తారు. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటిపోవడం మామూలే, వాయిదా వార్త విన్న రోజే అక్కడ చూడండి. వేదిక మారితే మాత్రం వెంటనే డబ్బు అడగండి. ప్రత్యర్థి మారితే డబ్బు ఇచ్చేది లేదంటారు, ఎందుకంటే టికెట్టు వెనక "కార్డులో మార్పులు ఉండవచ్చు" అని సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.